‘పొరపాటు జరిగింది’ అంటే ఎవరు చేసినట్టు?

ఈసారి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే సంగతి అడిగాయి. నాయకుడు మాట మీద నిలబడటమంటే ఏమిటి, తప్పు ఒప్పుకోవడమంటే ఏమిటి, రెంటినీ మేం ఎట్లా సరిచూసుకోవాలి అని. అన్నింటినీ ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా వైపు ‘మాట తప్పడు, మడమ తిప్పడు’ అంటే అంతకు మించిన మెప్పు లేదు. అట్లాంటప్పుడు ఒక నాయకుడు ‘అప్పుడు నేననుకున్నది తప్పు’ అంటే మాట తప్పినట్టే కదా?
— ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ‘మాట’ అనే ఒక్క పదంలో మనం రెండు వేర్వేరు వస్తువులు పెట్టేస్తాం. ‘ఉగాదికి నీ అప్పు తీరుస్తాను’ అన్నది మాట. ‘ఈ చెరువు నీళ్లు రెండో పంటకు సరిపోతాయి’ అన్నది అంచనా. మొదటిది తప్పితే ఎదుటివాడు నష్టపోతాడు కాబట్టి దాన్ని నిలబెట్టుకోవాల్సిందే. కుదరకపోతే వాళ్ల గడప తొక్కి గడువు అడగాలి. రెండోదాన్ని మాత్రం నీళ్లు తగ్గుతున్నాయని తెలిసిన రోజే మార్చుకోవాలి. మడమ తిప్పనని కూర్చుంటే ఎండిపోయేది రైతు పంట.

చిక్కు ఎక్కడొస్తుందంటే, నాయకులు ఈ రెంటినీ తమకు వీలైనట్టు తారుమారు చేస్తారు. తప్పని తేలిన అంచనాను శపథంలా పట్టుకుని, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు. ఇచ్చిన మాటను మాత్రం అంచనాలా చూపి ‘పరిస్థితులు మారాయి’ అని చేతులు దులుపుకుంటారు.

గాంధీ ఈ విషయం 1933లో హరిజన్ పత్రికలో తేల్చి చెప్పారు. తన రాతల్లో రెండింటికి పొంతన కుదరకపోతే తర్వాత రాసినదాన్నే తీసుకొమ్మన్నారు. ఎప్పుడూ ఒకేలా కనబడాలన్న పట్టింపు ఆయనకు లేదు. అయితే పాత రాతను ఆయన దాచలేదు, రెండూ అచ్చులోనే ఉన్నాయి. 1919లో జనం సిద్ధం కాకముందే సత్యాగ్రహానికి పిలుపివ్వడం హిమాలయమంత పొరపాటని తానే అన్నారు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో జనం పోలీసులను తగలబెట్టి చంపాక, దేశమంతా ఊపులో ఉన్న ఉద్యమాన్ని బార్డోలీలో ఆపించి, ఐదు రోజులు ఉపవాసమున్నారు. ఆ నిర్ణయం సరైనదా కాదా అని ఇప్పటికీ వాదించుకోవచ్చు. ఆయన ఏది మార్చారో, ఎందుకు మార్చారో మాత్రం ఎవరూ వెతుక్కోవాల్సిన పని లేదు.

కాబట్టి నాయకుడు మారాడని తెలిసినప్పుడు మూడు సంగతులు చూడండి. తన పాత మాటను తానే ఎత్తాడా, లేక ఇంకెవరో గుర్తు చేస్తే తప్ప నోరు విప్పలేదా? మధ్యలో కొత్తగా తెలిసిందేమిటో చెప్పాడా? మారినందువల్ల అతనికి ఏమైనా పోయిందా, లేక అంతా కలిసొచ్చిందేనా?

మనకు తెలిసిన ఉదాహరణే తీసుకోండి. సారా వేలం పాటలంటే ఆ రోజుల్లో ఖజానాకు పెద్ద ఆదాయం. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లతో మొదలైన ఉద్యమం 1992లో ఆ పాటలను ఆపించింది. నిషేధం వచ్చేనాటికి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి, మన కర్నూలు జిల్లా మనిషి. ఆయన ప్రభుత్వం 1993లో మొదట నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. అన్నాళ్లూ సారా అమ్మించిన ప్రభుత్వమే ఆ పని చేసింది, తన ఆదాయం పోతుందని తెలిసీ చేసింది. దాన్ని మాట తప్పడం అనలేం.

మూడింటిలోనూ సమాధానం దొరకకపోతే, అప్పుడూ ఇప్పుడూ ఆ నాయకుడు ఏ కుర్చీలో ఉన్నాడో చూడండి. ప్రత్యేక హోదా సంగతే ఉంది. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని ఐదేళ్లు అంటే, ప్రతిపక్షంలో ఉన్న బీజేపీ తరఫున పదేళ్లు కావాలన్నారు. అధికారంలోకి వచ్చాక హోదా బదులు 2016 సెప్టెంబరులో ప్యాకేజీ ప్రకటించారు. ఆనాడు ప్యాకేజీని స్వాగతించిన తెలుగుదేశం, 2018 మార్చిలో హోదా కోసమే ఎన్డీయే నుంచి బయటికొచ్చింది. రాజధాని విషయంలో, 2014 సెప్టెంబరులో శాసనసభలో విజయవాడ ప్రాంతాన్ని ప్రతిపక్ష నేతగా స్వాగతించిన వైఎస్ జగన్, ముఖ్యమంత్రిగా 2019 డిసెంబరు 17న అదే సభలో మూడు రాజధానుల మాట ఎత్తారు. ఎవరి వాదన వాళ్లకుంది. పాత మాటను తమంతట తామే తీసి, ‘అప్పుడిట్లా అన్నాను, ఇప్పుడు ఇందువల్ల మారాను’ అని వివరించడం దగ్గరే అన్ని పార్టీలూ తడబడ్డాయి.

ప్రశ్న: సభల్లో నాయకులు క్షమాపణ చెప్తుంటారు. విన్నాక మాత్రం ఏం ఒప్పుకున్నారో అర్థం కాదు. ఎట్ల గుర్తుపట్టాలి?
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: క్రియ దగ్గర ఆగి చూడండి. మన భాషలో ‘పొరపాటు జరిగింది’, ‘పొరపాటు చేశాను’ అన్న రెంటికీ మధ్య ఒక మనిషంత తేడా ఉంది. ‘జరిగింది’ అంటే వాన పడినట్టు, పిడుగు పడినట్టు దానంతట అదే అయిపోయింది. ‘చేశాను’ అంటే చేసినవాడు నిలబడ్డాడు. ‘మా వల్ల పొరపాటు జరిగి ఉండొచ్చు’ అనేది రెంటికీ మధ్యలో ఉంటుంది. ‘మా’లో ఎవరున్నారో తెలియదు, ‘ఉండొచ్చు’లో అసలు జరిగిందో లేదో తెలియదు.

తర్వాత ‘ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే’ అన్న మాట. ఇందులో తప్పు అనేది చేసినవాడి నుంచి నొచ్చుకున్నవాడి మీదికి జారిపోతుంది. నొచ్చుకోకపోతే తప్పే లేదన్న అర్థం అందులో ఉంది. ‘నా మాటలను వక్రీకరించారు’ అనేవాళ్లు పూర్తి వాక్యం ఇదీ అని అక్కడే చదివి వినిపించాలి. వినిపించకపోతే ఆ మాటకు విలువ లేదు. ‘నా వ్యాఖ్యలను వెనక్కి తీసుకుంటున్నాను’ అన్నదీ ఒప్పుకోలు కాదు. శాసనసభలో మాటలను రికార్డుల నుంచి తొలగించడం సభా మర్యాదకు సంబంధించిన ఏర్పాటు, అంతవరకే. అన్నది తప్పని దానితో తేలిపోదు.

రెండు ప్రసిద్ధ క్షమాపణలను పక్కపక్కన పెట్టి వినండి. 2005 ఆగస్టులో నానావతి కమిషన్ నివేదిక మీద రాజ్యసభలో చర్చ జరిగినప్పుడు, ప్రధాని మన్మోహన్ సింగ్ 1984లో సిక్కుల మీద జరిగిన దానికి సిగ్గుతో తల వంచుతున్నానని, సిక్కులకే కాక దేశానికంతటికీ క్షమాపణ చెబుతున్నానని అన్నారు. ‘ఎవరైనా బాధపడి ఉంటే’ అని మెలిక పెట్టలేదు. 2021 నవంబరు 19న ప్రధాని నరేంద్ర మోదీ మూడు సాగు చట్టాలను రద్దు చేస్తామంటూ దేశానికి క్షమాపణ చెప్పారు. కానీ ఏది లోపమన్నారో గమనించాలి. చట్టాలు తప్పని అనలేదు. కొంతమంది రైతులకు నచ్చజెప్పలేకపోయామని, తమ తపస్సులో ఏదో లోటు ఉండి ఉంటుందని అన్నారు. నిర్ణయం వెనక్కి వెళ్లింది, అభిప్రాయం అక్కడే ఉంది. ఇది తప్పో ఒప్పో మేం చెప్పడం లేదు. క్షమాపణ విన్నప్పుడల్లా ‘దేనికి?’ అని అడిగి, ఆ జవాబును ఒక్క వాక్యంలో రాసుకోండి. రాయడానికి ఏమీ దొరకకపోతే అందులో ఒప్పుకోలు లేనట్టే.

ఇవన్నీ ఉన్నా, చేసిన నష్టాన్ని ఎట్లా పూడుస్తారో చెప్పకపోతే అది సగమే. రేషన్ కార్డు తప్పుగా తీసేశారనుకోండి. ‘తప్పు మాదే’ అన్న మాట కంటే, ఆగిన నెలల బియ్యం ఎప్పుడిస్తారన్నది ఆ ఇంటికి ముఖ్యం.

ప్రశ్న: కర్నూలు బస్సుల కేసుతో ఒక ముఖ్యమంత్రి పదవి వదిలేశాడని మా పెద్దాయన చెప్పేవాడు. నిజమేనా? దాన్ని తప్పు ఒప్పుకోవడం అనుకోవచ్చా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: నిజమే. ఆ ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి, అనంతపురం జిల్లా ఇల్లూరు ఆయన సొంతూరు. బస్సు రూట్లను ప్రభుత్వ రవాణా సంస్థ కిందికి తెచ్చే పని జిల్లాల వారీగా జరుగుతున్న రోజులవి. ముందుగా అనుకున్న వరుసను తప్పించి కర్నూలు జిల్లా పడమటి భాగాన్ని ముందుకు తెచ్చారు. రాజకీయంగా ముఖ్యమంత్రికి ఎదురు నిలిచిన బస్సు యజమానులను దెబ్బతీయడానికే ఇట్లా చేశారని ఆ యజమానులు కోర్టుకెక్కారు. హైకోర్టులో ఓడినా సుప్రీంకోర్టులో 1964లో గెలిచారు. ఆ పథకాలు రద్దయ్యాయి.

ఈ కేసులో ఒక చిన్న కాగితాన్ని దగ్గరగా చూడాలి. ఆరోపణ నేరుగా ముఖ్యమంత్రి మీద, ప్రమాణపత్రంలో (అఫిడవిట్‌లో), వివరాలతో ఉంది. దానికి కాదని చెప్పే ప్రమాణపత్రం ముఖ్యమంత్రి నుంచి రాలేదు. ఆయన మనసులో ఏముందో ఆయన తప్ప ఇంకెవరూ చెప్పలేరు కాబట్టి, ఇతరుల జవాబు చాలదని, ఆరోపణకు ఖండన లేనట్టేనని కోర్టు చూసింది. సంజీవరెడ్డి 1964 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. కాసు బ్రహ్మానందరెడ్డి ఆ స్థానంలోకి వచ్చారు.

ఇక మీ రెండో ప్రశ్న. అది తప్పు ఒప్పుకోవడం కాదు, బాధ్యత తీసుకోవడం. ఆయన ‘నేను కక్షతో చేశాను’ అని ఎక్కడా అనలేదు. సుప్రీంకోర్టు అంత మాట అన్నాక ఆ కుర్చీలో కూర్చోవడం తగదని లేచారు. ఈ రెంటినీ కలిపేయకూడదు, ఎందుకంటే రెంటికీ విడివిడిగా విలువ ఉంది. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ రైలు ప్రమాదం జరిగినప్పుడు రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో అరియలూరు ప్రమాదం తర్వాత మళ్లీ ఇస్తే ఆమోదించారు. శాస్త్రి తప్పు చేశాడని కాదని, ఒక మర్యాద నిలబడాలని చెప్పి మరీ ఆమోదించారు. వంతెన కూలింది శాస్త్రి చేతులతో కాదు. ఆయన ఒప్పుకోవడానికి తప్పు లేదు, మోయడానికి బాధ్యత ఉంది.

దీనికి తిరగేసిన రకం ఇప్పుడు ఎక్కువ. నోటితో తప్పు ఒప్పుకుంటారు, కుర్చీ మాత్రం కదలదు. కింద ఒక ఉద్యోగిని సస్పెండ్ చేస్తారు. అప్పుడు ‘ఈ నిర్ణయం మీద చివరి సంతకం ఎవరిది?’ అని అడగండి. సంతకం పైన ఉండి శిక్ష కింద పడితే, అక్కడ ఇంకా ఎవరూ బాధ్యత తీసుకోలేదన్నమాట.

ప్రశ్న: మా దగ్గర ఉక్కు ఫ్యాక్టరీకి ఎన్ని శంకుస్థాపనలు! ఎవరిని తప్పు పట్టాలి, ఎట్ల లెక్క అడగాలి?
— ఒక యువకుడు, జమ్మలమడుగు

జవాబు: ముందు తేదీలు వరుసగా పెట్టుకుందాం. 2007 జూన్‌లో వైఎస్ రాజశేఖరరెడ్డి జమ్మలమడుగు దగ్గర బ్రహ్మణీ స్టీల్స్‌కు శంకుస్థాపన చేశారు. తర్వాతి ప్రభుత్వ కాలంలో ఆ భూకేటాయింపు రద్దయింది. 2018 డిసెంబరులో చంద్రబాబునాయుడు మైలవరం మండలం ఎం.కంబాలదిన్నెలో చేశారు. ఏడాది తిరిగేసరికి 2019 డిసెంబరులో వైఎస్ జగన్ జమ్మలమడుగు మండలం సున్నపురాళ్లపల్లెలో చేశారు. 2023 ఫిబ్రవరిలో అదే సున్నపురాళ్లపల్లెలో జేఎస్‌డబ్ల్యూ సంస్థతో మళ్లీ భూమిపూజ జరిగింది. పదహారేళ్లలో నాలుగు.

వీటితోపాటు 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలు చదవండి. చాలామంది ‘కేంద్రం కడపలో ఉక్కు ఫ్యాక్టరీ పెడతానని చట్టంలో రాసింది’ అంటారు. చట్టంలో ఉన్నది అది కాదు. వైఎస్సార్ జిల్లాలో సమగ్ర ఉక్కు కర్మాగారం పెట్టడానికి వీలుందో లేదో కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ ఆరు నెలల్లో పరిశీలించాలి అని ఉంది. పరిశీలించడానికి గడువుంది, పెట్టడానికి హామీ లేదు. పదేళ్లపాటు అన్ని పార్టీలూ దీన్ని ‘చట్టబద్ధమైన హామీ’ అని జనానికి చెప్పాయి. ‘చట్టం రాసేటప్పుడే ఆ మాట బలహీనంగా ఉంది, మేం గట్టిగా రాయించలేకపోయాం’ అని ఒప్పుకుని ఉంటే ఆ రోజే పోరాటం సరైన చోట మొదలయ్యేది. ఒప్పుకోని తప్పు ఇట్లా మన కాలాన్ని తినేస్తుంది. ఇది మీ ఒక్క ఊరి బాధ కాదు, బెంగళూరు బస్సెక్కిన ప్రతి కుర్రవాడి బాధ.

లెక్క ఎట్లా అడగాలంటారా? రాయి గురించి అడగకండి. రాయి వేయడానికి ఒక ఉదయం చాలు. ఉక్కు ఫ్యాక్టరీకి కావలసినవి ఇవి: భూమి ఎన్ని ఎకరాలు, ఎవరి పేరిట రిజిస్టరైంది. ఇనుప ఖనిజం ఏ గని నుంచి, ఎన్నేళ్ల ఒప్పందం మీద వస్తుంది. నీళ్లు ఏ జలాశయం నుంచి, ఏ జీవో ప్రకారం ఇస్తారు. పర్యావరణ అనుమతి ఏ తేదీన వచ్చింది. డబ్బు ఎక్కడిది, బ్యాంకుల అప్పు ఖాయమైందా. ఎక్కువగా పని ఆగేది చివరి దాని దగ్గరే. పెట్టుబడి ‘పెడతాం’ అన్న అవగాహన ఒప్పందం వేరు, బ్యాంకు సంతకం పెట్టిన అప్పు ఒప్పందం వేరు. మొదటిదాన్నే రెండోదిగా చూపించి ఫోటోలు వేస్తారు. కొత్తగా ఎవరు కొబ్బరికాయ కొట్టడానికి వచ్చినా ఈ ఐదూ అడగండి. ఆరోది కూడా ఒకటుంది: పాత రాయి ఎందుకు ఆగిందో మీకు తెలిసిన కారణం చెప్పండి అని. ఆ కారణం చెప్పలేనివారు దాన్ని ఎట్లా దాటుతారు?

ప్రశ్న: నేను సర్పంచ్‌ని. పోయిన ఉగాదికి మూడు నెలల్లో కింది వీధికి నీళ్లిస్తానని చెప్పినాను. నేను చూపించిన చోటే బోరేసినారు. 620 అడుగులు పోయినా తడి లేదు. ఊర్లో ముఖం చూపించలేకున్నాను. ఒప్పుకుంటే ఎదుటోళ్లు నన్ను తినేస్తారు. ఏం చెయ్యాల?
— రాయదుర్గం దగ్గరి పల్లె నుంచి

జవాబు: మీరు అడిగారంటేనే సగం పని అయింది. మిగతా సగం ఎట్లా చేయాలో వివరంగా చెబుతాం. మీ ప్రశ్నకున్నంత అవసరం ఇంకే ప్రశ్నకూ లేదు.

ఎక్కడ చెప్పాలి? మాట ఇచ్చిన చోటే. రచ్చకట్ట మీద ఇచ్చిన మాటను పంచాయతీ ఆఫీసులో నలుగురి ముందు దిద్దుకుంటే కుదరదు. వచ్చే గ్రామసభ దాకా ఆగకుండా వారం లోపలే పెట్టుకోండి. ముందురోజు దండోరా వేయించి, కింది వీధి వాళ్లకు మీరే ఇంటింటికీ వెళ్లి చెప్పండి. నష్టపోయినవాళ్లు లేని సభలో ఒప్పుకుంటే మళ్లీ మొదటికొస్తుంది.

ఐదు నిమిషాలకు మించి మాట్లాడొద్దు. ఎక్కువసేపు మాట్లాడితే సాకులు వాటంతటవే వచ్చేస్తాయి. ఏమన్నానో, ఏం చేశానో, అది ఎవరి నిర్ణయమో, ఎంత ఖర్చయిందో, ఇప్పుడేం చేస్తానో, ఈ వరుస తప్పకుండా చెప్పండి. ఇట్లా ఉండొచ్చు:

‘అక్కల్లారా, అన్నల్లారా, పోయిన ఉగాదికి ఇదే కట్ట మీద నిలబడి మూడు నెలల్లో కింది వీధికి నీళ్లిస్తానని చెప్పినాను. ఇయ్యలేకపోయినాను. జియాలజిస్టును పిలిపించకుండా బోరు పాయింటు నేనే పెట్టించినాను. 620 అడుగులు పోయినా నీళ్లు పడలేదు. పంచాయతీ దుడ్డు ఎంత పోయిందో ఈ కాగితంలో ఉంది, బిల్లులు బల్ల మీద ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. తప్పు నాది, సెక్రటరీది కాదు. సోమవారం నుంచి ట్యాంకరు మొదట కింది వీధికే పోతుంది, తర్వాతే మా వీధికి. భూగర్భజల శాఖ వాళ్లు వచ్చి చూసిపోయేదాకా ఇంకో బోరు వెయ్యను. వాళ్లేమన్నారో వచ్చే నెల ఇదే రోజు ఇక్కడే చెప్తాను.’

ఇందులో ‘తర్వాతే మా వీధికి’ అన్న మాట తీసేయొద్దు. సొంత వీధి ఆగిందని తెలిస్తేనే ఎదుటివాళ్లకు నమ్మకం కుదురుతుంది.

ఇక్కడ ఎక్కువగా చెడేవి కొన్ని ఉన్నాయి. ‘పాత సర్పంచ్ హయాంలో రెండు బోర్లు ఎండిపోలేదా’ అనడం మొదటిది. అది నిజమే కావచ్చు, కానీ అన్న నిమిషంలోనే మీ ఒప్పుకోలు పోట్లాటగా మారిపోతుంది. సిగ్గు కప్పుకోవడానికి ఇంకా పెద్ద మాట ఇవ్వడం రెండోది. ‘ఒక్క బోరు కాదు, మూడు బోర్లు వేయిస్తా’ అంటే మళ్లీ ఇదే గుంతలో పడతారు. మీ చేతిలో ఉన్నదే చెప్పండి. మూడోది, ఎదుటివాళ్లు అరిస్తే జవాబులకు దిగడం. వాళ్లన్నదాంట్లో నిజమున్నంత వరకు ‘అవును’ అనండి. తెలియనిదానికి ‘కనుక్కుని చెప్తాను’ అని రాసుకోండి. అవునన్న మనిషితో ఎక్కువసేపు అరవడం ఎవరికీ చేతకాదు.

సభ అయ్యాక చెప్పినదంతా సెక్రటరీతో తీర్మానాల పుస్తకంలో రాయించి, చదివించి, సంతకాలు పెట్టించండి. ఒక ప్రతి నోటీసు బోర్డుకు అంటించండి. రేపు ఎవరైనా కథ మార్చకుండా అది మీకూ కాపలాగా ఉంటుంది. నెల తర్వాత పని కాకపోయినా సభ మాత్రం పెట్టండి. ఒప్పుకోలు నిలిచేది ఆ రెండో సభతోనే.

ఒక జాగ్రత్త. జరిగింది జరిగినట్టు చెప్పండి, కానీ ‘నిధులు దుర్వినియోగం చేశాను’ లాంటి మాట మీరే రాసివ్వొద్దు. తెలివితక్కువ నిర్ణయం తీసుకోవడం ఒకటి, డబ్బు కాజేయడం మరొకటి. ఆ తేడా తేల్చేది ఆడిట్. ఆడిట్ వాళ్లు అడిగితే బిల్లులు, కొలతల పుస్తకం, తీర్మానం ముందు పెట్టండి. నిజంగానే డబ్బు పక్కదారి పట్టి ఉంటే మాత్రం ఈ ఐదు నిమిషాల ప్రసంగం దానికి మందు కాదు. డబ్బు కట్టి, తర్వాత మాట్లాడాలి.

ప్రశ్న: నాయకుల పాత మాటలు, కొత్త మాటలు పోల్చి చూడాలంటే ఫోన్లో వచ్చే వీడియోలు తప్ప మాకేం దొరుకుతాయి?
— ఒక డిగ్రీ విద్యార్థిని, ఆదోని

జవాబు: ఇరవై సెకన్ల వీడియోను ఆధారంగా ఎప్పుడూ తీసుకోవద్దు. ప్రశ్న కోసేసి జవాబే పెడతారు. ‘అని ప్రతిపక్షం అంటోంది’ అన్న తోకను తీసేస్తారు. తేదీ, ఊరు, ముందు వెనక వాక్యాలు దొరికితేనే రాసుకోండి.

అసలు గని చట్టసభల కార్యకలాపాల నివేదికలు. మాట్లాడింది మాట్లాడినట్టు తేదీతో ఉంటుంది. సభలో మంత్రి ‘పరిశీలిస్తాం’, ‘చర్యలు తీసుకుంటాం’ అంటే అది గాలిలో కలిసిపోదు. హామీల కమిటీ అట్లాంటి వాక్యాలను ఏరి జాబితా కడుతుంది. లోక్‌సభలో ఇచ్చిన హామీని మూడు నెలల్లో నెరవేర్చాలని నియమం, కుదరకపోతే గడువు పెంచమని కమిటీనే అడగాలి. మన శాసనసభకూ ఇట్లాంటి కమిటీ ఉంది. మంత్రి సభలో తప్పు సమాచారం ఇస్తే ఎత్తి చూపడానికి లోక్‌సభ స్పీకర్ ఆదేశాల్లో 115వది ఉంది. సభ్యుడు రాతపూర్వకంగా ఆధారాలిస్తాడు, స్పీకర్ అనుమతిస్తే మంత్రి లేచి దిద్దుకుంటాడు. అంటే తప్పు దిద్దుకోవడానికి మన వ్యవస్థలో ఒక తలుపు ముందే పెట్టి ఉంచారు. మీ ఎంపీ ఆ తలుపు ఎన్నిసార్లు తట్టాడో అడగండి.

మేనిఫెస్టోలు ఎన్నికలవగానే దొరకవు కాబట్టి ఇప్పుడే దాచుకోండి. హామీకి తగిన కారణం, డబ్బు తెచ్చే దారి మేనిఫెస్టోలో చూపాలని ఎన్నికల సంఘం ప్రవర్తనా నియమావళి చెబుతోంది. ఆ దారి రాయని హామీ పక్కన అప్పుడే పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి.

పని జరిగిందో లేదో తేల్చుకోవడానికి సమాచార హక్కు దరఖాస్తు ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు రుసుం లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు 30 రోజులు. రాకపోయినా, నచ్చకపోయినా 30 రోజుల్లో అదే శాఖలో మొదటి అప్పీలు, తర్వాత 90 రోజుల్లో కమిషన్‌కు రెండో అప్పీలు. చాలా దరఖాస్తులు ఒకే కారణంతో వెనక్కొస్తాయి: ‘ఎందుకు చేయలేదు?’ అని అడగడం. చట్టం ఇప్పించేది కాగితాన్ని, సంజాయిషీని కాదు. ‘ఫలానా పనికి మంజూరు జీవో ప్రతి, మంజూరైన మొత్తం, ఇప్పటిదాకా ఇచ్చిన బిల్లుల ప్రతులు, పని పూర్తి కావలసిన తేదీ ఉన్న ఒప్పందం ప్రతి ఇవ్వండి’ అని అడగండి. ‘ఎందుకు’ అన్నదానికి జవాబు ఆ నాలుగు కాగితాలు పక్కపక్కన పెడితే కనబడుతుంది.

ప్రశ్న: తప్పు ఒప్పుకున్న నాయకుడికి ఓట్లు పోవా?
— ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: పోవచ్చు, పోకపోవచ్చు, దీనికి సూత్రం లేదు. 1961 ఏప్రిల్‌లో క్యూబా మీద అమెరికా చేయించిన దాడి ఘోరంగా విఫలమైంది. అధ్యక్షుడు కెన్నెడీ బాధ్యత నాదేనన్నారు. ఆ తర్వాత గాలప్ సర్వేలో ఆయనకు మద్దతు 83 శాతానికి చేరింది. మన దగ్గర సీపీఐ ఎమర్జెన్సీని సమర్థించి, 1978లో భటిండా మహాసభలో అది తప్పని తేల్చుకుంది. దానితో ఓట్లు వెల్లువెత్తలేదు. కానీ ఆ పార్టీ కార్యకర్త అనంతపురంలోనైనా ఇంకెక్కడైనా ఆ ప్రశ్న ఎదురైతే తల దించుకుని తప్పించుకోనక్కర్లేదు, తీర్మానం ఉంది. ఓట్ల లెక్కతో ఒప్పుకునేవాడు ఓట్ల లెక్కతోనే మళ్లీ కాదంటాడు కూడా.

ప్రశ్న: మా ఎమ్మెల్యే రోడ్డు విషయంలో తప్పు చేశానని అందరి ముందు ఒప్పుకున్నాడు. ఇప్పుడు మేమేం చెయ్యాల?
— కొందరు పాఠకులు, ఎమ్మిగనూరు

జవాబు: ముందు ఆ మాటను ఎగతాళి వీడియోగా చేసి తిప్పకండి. ఒప్పుకున్నవాడిని ఊరంతా నవ్వుల పాలు చేస్తే, పక్క నియోజకవర్గం ఎమ్మెల్యే అది చూసి నోరు కట్టేసుకుంటాడు. అట్లాగని చప్పట్లు కొట్టి ఇంటికి పోకండి. ఆయన అన్నది తేదీతో రాసి, ‘మీరు ఇట్లా అన్నారు, మేం ఇట్లా విన్నాం, రోడ్డు ఎప్పటికి?’ అని పదిమంది సంతకాలతో ఉత్తరం ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. ఆయన చెప్పిన తేదీ వచ్చిన రోజు ఆ ప్రతి పట్టుకుని మళ్లీ వెళ్లండి. రోడ్డు పడి ఉంటే, పడిందని కూడా రాసివ్వండి.